అరవై నలుగురు ఆఫీసర్లు, ఒక్క కూలి

ఉత్తరధార పంపుల కంపెనీలో ఆ ఏడాది జీతాలు పెరగలేదు. తగ్గనూ లేదు. దేశమంతా మాంద్యం, మాంద్యం అని గోల పెడుతుంటే ఆ కంపెనీ యాజమాన్యం మాత్రం ఒక్కరినీ ఇంటికి పంపకుండా, ఒక్క రూపాయి కోయకుండా, ఒక్క రూపాయి పెంచకుండా అందరినీ పైకి తీసుకువచ్చింది. ఎంత పైకంటే, ఆరు నెలలు తిరిగేసరికి ఆ కంపెనీలో కింద ఎవరూ మిగల్లేదు.

గాజువాక అవతల పారిశ్రామికవాడలో ఉంటుంది ఆ కంపెనీ. పొలాలకు నీళ్లు తోడే పంపులు తయారుచేస్తుంది. అందులో అరవై నలుగురు కార్మికులు. వాళ్లలో గొర్లె సన్యాసినాయుడు ఒకడు. లేత్ మిషన్ మీద ఇనప కడ్డీలను నున్నగా చెక్కి పంపులకు షాఫ్టులు చేయడం అతని పని. పంతొమ్మిదేళ్లుగా అదే మిషను, అదే మూల. షాఫ్టు మీద ఒకసారి వేలు రాసి, వెంట్రుక వాసి తేడా ఉన్నా చెప్పేయగలడు. ఆ మిషను ముందు రోజూ ఇంకో రెండు గంటలు ఎక్కువ నిలబడితే వచ్చే ఓవర్‌టైమ్ డబ్బుతోనే అతని ఇల్లు గడిచేది.

ఏప్రిల్ వచ్చింది. ఏటా ఇంక్రిమెంట్లు ఇచ్చే నెల. పంపులు కొనేవాడు లేడు, గోడౌన్‌లో తయారైన సరుకు దుమ్ము పట్టిపోతోంది. అందరి జీతాల్లో నాలుగో వంతు కోసేద్దామని మేనేజింగ్ డైరెక్టర్ గారు అప్పటికే కత్తెర పట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా ఆ సమయానికి మానవ వనరుల అధిపతి విన్నకోట శశిభూషణ్ గారు బెంగళూరులో మూడు రోజుల సదస్సుకు వెళ్లి, మెడలో గుర్తింపు కార్డు కూడా తీయకుండా తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వచ్చారు. జీతం అనేది కేవలం ఒక సంఖ్య అనీ, హోదా అనేది ఒక అనుభూతి అనీ, మనిషి సంఖ్య కోసం బతకడనీ ఆయన అక్కడ తెలుసుకుని వచ్చారు. సదస్సు ఫీజు నలభై వేలు కాబట్టి అందులో నిజం ఉండే తీరాలని డైరెక్టర్ గారు కూడా ఒప్పుకున్నారు.

మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులర్ పడింది. "ప్రస్తుత ఆర్థిక మాంద్య పరిస్థితుల దృష్ట్యా, ఉద్యోగుల ప్రతిఫలాన్ని ద్రవ్య రూపం నుండి గౌరవ రూపానికి దశలవారీగా మార్చుటకు యాజమాన్యం సహర్షంగా నిర్ణయించడమైనది. ఇకపై ఇంక్రిమెంటు స్థానంలో హోదా వృద్ధి వర్తించును." కింద మొదటి విడత పన్నెండుగురి పేర్లు. అందులో సన్యాసినాయుడి పేరు మూడోది. టర్నర్‌గా గేటు దాటి వచ్చినవాడు సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా ఇంటికి వెళ్లాడు.

మొదట్లో బాగానే ఉంది. వంద విజిటింగ్ కార్డులు అచ్చువేసి ఇచ్చారు. వాటిని ఎవరికివ్వాలో తెలియక రెండు బస్సు కండక్టరుకూ, ఒకటి పాలవాడికీ ఇచ్చాడు. అతని భార్య పైడమ్మ ఒక కార్డును దేవుడి పటం అంచున దోపింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వారం సన్యాసినాయుడి ఛాతీ ఒక అంగుళం పెరిగిన మాట నిజం.

నెలాఖరున జీతం కవరు చూసుకున్నాక ఆ అంగుళం మళ్లీ తగ్గింది. ఆఫీసర్లకు ఓవర్‌టైమ్ ఉండదు. యూనిఫారం ఉతుకు భత్యం ఉండదు. కార్మికుల క్యాంటీనులో ఎనిమిది రూపాయల భోజనం ఉండదు, ఆఫీసర్ల క్యాంటీనులో ఎనభై రూపాయల భోజనం ఉంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు నిబంధన పదిహేడు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఒక అసిస్టెంట్ మేనేజరు తనిఖీకి వచ్చి మిషను మీదకి వంగితే ఆయన టై లేత్‌లో చుట్టుకుంది. టై పోయింది, మనిషి దక్కాడు. ఆనాటి నుంచి ఆఫీసరు హోదా గల ఏ ఉద్యోగీ యంత్రాన్ని తాకరాదని నిబంధన. అందుకని సన్యాసినాయుడు తన మిషనుకు మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, దాన్ని పర్యవేక్షించడం మొదలుపెట్టాడు. ఎలాగూ ఆర్డర్లు లేవు కాబట్టి ఆ పర్యవేక్షణ వల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

జూన్‌లో రెండో విడత, జూలైలో మూడో విడత. ఎక్కడ చూసినా ఆఫీసర్లే. క్యాంటీనులో టీ కాచే రామినాయుడు చీఫ్ మేనేజర్ (ద్రవ పదార్థాలు) అయ్యాడు. గేటు దగ్గర కూర్చునేవాడు ఉపాధ్యక్షుడు (ప్రవేశం) అయ్యాడు. ఎలక్ట్రీషియన్ కొయ్య జోగారావు డిప్యూటీ జనరల్ మేనేజర్ (వెలుగు) అయ్యాక తన గదిలో కాలిపోయిన బల్బు మార్చించమని తనకే మెమో రాసుకుని, ఆఫీసరు కాబట్టి స్విచ్చి ముట్టకూడదని చీకట్లోనే కూర్చున్నాడు. ఆ ఏడాది కంపెనీలో పెరిగిన ఖర్చు ఒక్కటే, విజిటింగ్ కార్డుల ప్రింటింగు.

ఆగస్టులో పైడమ్మకు కడుపునొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని వాము నమిలింది. తగ్గలేదు. స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. మందులతో రెండు మూడు నెలలు నెట్టుకురావచ్చు గానీ, నవంబరు మొదటి వారం దాటితే తన పూచీ లేదని డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకు అరవై అయిదు వేలు.

సన్యాసినాయుడు కంగారుపడలేదు. కంపెనీలో కార్మికుల వైద్య నిధి ఉంది. ఎన్నడో సమ్మె చేసి సాధించుకున్న నిధి. కార్మికుడికైనా, అతని భార్యకైనా, కార్మికురాలి భర్తకైనా ఆపరేషను ఖర్చు మొత్తం అదే భరిస్తుంది. పనిలో చేరిన మొదటి రోజు నుంచే హక్కు. షరతు ఒక్కటే, ఆపరేషను జరిగే నాటికి కార్మికుడై ఉండాలి. ఆ షరతు చదివాకే తను సీనియర్ ఎగ్జిక్యూటివ్ అన్న సంగతి అతనికి గుర్తొచ్చింది.

ఆఫీసర్లకు వేరే ఆరోగ్య పాలసీ ఉంది. మాంద్యం కారణంగా దాన్ని తాత్కాలికంగా గౌరవ రూపానికి మార్చారు. అంటే కార్డు ఇస్తారు, ఆసుపత్రిలో అది చెల్లదు. పోనీ తెల్లకార్డు మీద చేయించుకుందామా అంటే, హోదా వృద్ధి పొందినవాళ్ల ఫోటోలు కంపెనీ వాళ్లు పేపర్లో వేయించారు. ఆ పేపరు ముక్క కత్తిరించి పెట్టుకున్న వార్డు ఆఫీసు గుమాస్తా, సీనియర్ ఎగ్జిక్యూటివ్ గారికి తెల్లకార్డేమిటని నవ్వి, దాన్ని తీసేసుకున్నాడు. పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారు గానీ వంతు వచ్చేది సంక్రాంతి దాటాకే. పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ లేనంత భయం వేసింది సన్యాసినాయుడికి.

అతను శశిభూషణ్ గారి దగ్గరికి వెళ్లి, తనను మళ్లీ కార్మికుణ్ణి చేయమని కాగితం రాసిచ్చాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఫారంలో ప్రస్తుత హోదా అని ఒక గడి, కోరుతున్న పై హోదా అని ఒక గడి ఉన్నాయనీ, కింది హోదాకు గడి లేదనీ విచారం వ్యక్తం చేశారు. వృద్ధి అనేది ఏకదిశాత్మక ప్రక్రియట. దుష్ప్రవర్తన రుజువైతే తప్ప ఉద్యోగి స్థాయిని తగ్గించే అధికారం భూమ్మీద ఎవరికీ లేదట.

ఆ మాట జోగారావుకు చెబితే అతను తన చీకటి గదిలో చాలాసేపు ఆలోచించి, దారి దొరికిందిగా అన్నాడు.

ఆ మర్నాటి నుంచి సన్యాసినాయుడు దుష్ప్రవర్తన మొదలుపెట్టాడు. అలవాటు లేని పని కాబట్టి కొంచెం సిగ్గుపడుతూనే చేశాడు. ఎనిమిదింటికి రావలసినవాడు పదకొండింటికి వచ్చాడు. ఆఫీసర్లకు వేళల పట్టింపు ఉండకూడదనీ, ఇతను ఆ సంస్కృతిని త్వరగా ఒంటబట్టించుకున్నాడనీ నోట్ ఫైలులో రాశారు. పర్యవేక్షణ కుర్చీలో కాళ్లు జాపుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడు. అటుగా వచ్చిన శశిభూషణ్ గారు వేలు పెదవి మీద పెట్టుకుని, మునివేళ్ల మీద నడిచి వెళ్లిపోయారు. సాయంత్రం ఒత్తిడి నివారణలో ఆదర్శం అని అతని పేరు బోర్డు మీద కనిపించింది. ఆ నెల అతను మేనేజరయ్యాడు.

ఇక లాభం లేదని తెగించి, నెలవారీ సమావేశంలో డైరెక్టర్ గారి ఎదుటే లేచి నిలబడ్డాడు. ముప్పై మంది ఆఫీసర్లు వింటుండగా, "బాబూ, తవరికి పంపు ఎలా తయారవుద్దో తెలవదు, దాన్ని సేసినోడి కడుపెలా నిండుద్దో తెలవదు. తవరికంటే మా మిషను నయం, ఊరికే తిరిగినా నూనె అడుగుద్ది" అన్నాడు. ఇంటికే పంపేస్తారేమో అని కూడా అతనికి అనిపించింది.

డైరెక్టర్ గారు మెల్లగా చప్పట్లు కొట్టారు. అధికారానికి వెరవకుండా సత్యం పలికే ఇలాంటి నాయకత్వం కోసమే సంస్థ ఇన్నేళ్లుగా ఎదురుచూస్తోందని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. గంట తిరక్కుండానే కొత్త ఆర్డరు టైపయింది. సన్యాసినాయుడు, జనరల్ మేనేజర్ (లోహ పరిభ్రమణం). ఆ కాగితం పట్టుకుని అతను మరుగుదొడ్డి వెనక నిలబడి ఏడ్చాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఎప్పుడూ కార్మికులే మిషన్లు తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టేవాళ్లు. ఆ ముందు వారమే చివరి కార్మికుడైన తోటమాలికి కూడా హోదా వృద్ధి అయిపోవడంతో మిషన్లను ముట్టుకునే అర్హత గలవాడు లేకపోయాడు. అరవై నలుగురు ఆఫీసర్లూ మిషన్లకు మూడడుగుల దూరంలో గీసిన గీత అవతల నిలబడి కుంకుమను గిరాటేశారు. సగం మిషన్ల మీద పడింది, సగం ఉపాధ్యక్షుడి (ప్రవేశం) చొక్కా మీద పడింది. కొబ్బరికాయ కొట్టబోతూ డైరెక్టర్ గారు శుభవార్త చెప్పారు. గోడౌన్‌లో ఉన్నవాటికి షాఫ్టు పొట్టిదని, పొడుగు షాఫ్టుతో రెండు వందల పంపులు కావాలని ఎక్కడో రైతు సంఘం ఆర్డరిచ్చింది. నెల రోజుల్లో అందించాలి. మాంద్యం వెనక్కి తగ్గుతోందని అందరూ సంతోషించారు. పంపులు ఎవరు చేయాలన్న ప్రశ్న ఆ మధ్యాహ్నం ప్రసాదం తిన్నాకగానీ ఎవరికీ తట్టలేదు.

మూడు రోజులు సమావేశాలు జరిగాయి. నిబంధన పదిహేడును రద్దు చేద్దామని ఎవరో అన్నారు గానీ, అది టైకి సంబంధించిన భద్రతా నిబంధన కాబట్టి వీల్లేదన్నారు. స్పర్శ లేని ఉత్పత్తి సాధ్యాసాధ్యాలపై ఒక ఉపసంఘం వేశారు. చివరికి బయటి నుంచి రోజుకూలి మీద ఒక్క కార్మికుణ్ణి తీసుకోవాలనీ, ఆ మనిషి చేతులతో అరవై నలుగురి మేధస్సు పనిచేయాలనీ తీర్మానించారు. మనిషిని వెతికే బాధ్యత జనరల్ మేనేజర్ (లోహ పరిభ్రమణం) మీద పెట్టారు.

ఆ సాయంత్రం సన్యాసినాయుడు ఇంట్లో ఈ సంగతి చెబుతూ అన్నం ముందు కూర్చున్నాడు. కూలి పనికి ఎవరైనా వస్తారుగానీ, పని బాగా చేస్తే ప్రమోషన్ ఇచ్చేస్తారని పారిశ్రామికవాడ అంతా పుకారు పాకిపోయిందట, ఒక్కడూ రానంటున్నాడట. పైడమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, నొప్పి తగ్గేదాకా గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత మాట్లాడింది.

"మీకే గదా ప్రమోసన్లు. నాకెవుడూ ఇవ్వలేదు. ఆ కూలికి నానొస్తాను."

సన్యాసినాయుడు ముద్ద కంచంలో వదిలేశాడు. ఇలాంటి ఒంటితో మిషను ముందు నిలబడతావా అని కోప్పడ్డాడు. ఇంట్లో కూర్చుంటే మాత్రం రాళ్లు కరుగుతాయా అని ఆవిడ అడిగింది. జనరల్ మేనేజరు చెయ్యి కడుక్కుని, నియామకం కాగితం రాయడానికి కూర్చున్నాడు.

మర్నాడు ఉత్తరధార పంపుల కంపెనీలో ఏకైక కార్మికురాలిగా గొర్లె పైడమ్మ పేరు రిజిస్టరులోకి ఎక్కింది. ఆపరేషను తేదీ నవంబరు ఆరు అని వైద్య నిధి కాగితాలు కూడా అదే రోజు పెట్టారు. ఆవిడ పై అధికారిగా మంజూరు చేయవలసినవాడు సన్యాసినాయుడే కాబట్టి సంతకం దగ్గర ఆలస్యం జరగలేదు.

ఇక ఆ పని చూడాల్సిందే. పైడమ్మ మిషను ముందు. మూడడుగుల అవతల గీత. గీత వెనక ఆఫీసర్లు. ఆవిడ వేలు స్విచ్చి మీద పెట్టాలంటే వెలుగు విభాగం అనుమతించాలి, నూనె పోయాలంటే ద్రవ పదార్థాల వారు సరేననాలి. మొదటి రోజు ఒక్క షాఫ్టు కూడా తయారవలేదు, పదిహేడు అభిప్రాయాలు మాత్రం వచ్చాయి. రెండో రోజు సన్యాసినాయుడు మిగిలినవాళ్లందర్నీ మేధోమథనానికని మేడ మీదకి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎడమకు తిప్పు, ఇప్పుడు ఆపు, ఇప్పుడు వేలు రాసి చూడు అని ఒక్కో మాటా చెప్పాడు. పంతొమ్మిదేళ్లు తన చేతుల్లో ఉన్న పని ఆవిడ చేతుల్లోకి మెల్లమెల్లగా దిగింది. నొప్పి వచ్చినప్పుడు ఆవిడ మిషను ఆపి, గట్టు మీద కూర్చునేది. గీత దాటి వెళ్లి పట్టుకోవాలని ఉండేది అతనికి. ఒకసారి దాటాడు కూడా. ఉల్లంఘన నమోదు చేయమని బతిమాలుకున్నా, మానవతా దృక్పథం అని రాసుకున్నారు.

ఇరవై నాలుగు రోజుల్లో రెండు వందల పంపులూ లారీ ఎక్కాయి. నవంబరు అయిదున పైడమ్మ ఆసుపత్రిలో చేరింది.

ఆరో తేదీ ఉదయం తొమ్మిదింటికి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లడానికి సిద్ధం చేస్తున్నారు. సన్యాసినాయుడు వరండాలో పచార్లు చేస్తున్నాడు. అటు చూస్తే లిఫ్టులోంచి పెద్ద పూలగుత్తి దిగుతోంది. దాని వెనక శశిభూషణ్ గారు, ఆయన చంకలో ఎర్ర అట్ట ఫైలు. హోదా వృద్ధి ఉత్తర్వులు అలాంటి ఫైలులోనే వస్తాయని సన్యాసినాయుడికి తెలుసు.

పైడమ్మ గారి అసమాన కృషిని యాజమాన్యం గుర్తించిందనీ, నగదు బహుమతి ఇచ్చే పరిస్థితి లేదు గనుక ఆమెను అసిస్టెంట్ మేనేజర్ (స్పర్శ)గా నియమించిందనీ శశిభూషణ్ గారు ఆనందంగా చెప్పారు. ఉత్తర్వు స్వయంగా చేతికి అందించిన క్షణం నుంచి అమల్లోకి వస్తుందట. అందుకే తానే పనిగట్టుకుని వచ్చారట. పేషెంటు ఏ గదిలో ఉన్నారని అడిగారు.

గది పది అడుగుల దూరంలో ఉంది. తలుపు సగం తెరిచే ఉంది. పైడమ్మ కాళ్ల మీద కప్పిన ఆకుపచ్చ దుప్పటి కూడా కనిపిస్తోంది. సన్యాసినాయుడు ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు, కాళ్లు పట్టుకుంటే వినయంలో ఆదర్శం అంటారేమోనని భయం. ఏం చేయాలో తోచక, ఎన్నాళ్లుగానో లోపల ఉన్న ప్రశ్నే అడిగేశాడు.

"సార్, అసలు హోదా అంటే ఏటండి? నాకు ఇప్పటికీ బోధపడలేదు."

శశిభూషణ్ గారి ముఖం వెలిగిపోయింది. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇతనే. కింద క్యాంటీనులో కూర్చుని మాట్లాడుకుందామని పూలగుత్తి ఒక చేత్తో, సన్యాసినాయుణ్ణి ఒక చేత్తో పట్టుకుని తీసుకెళ్లారు. ద్రవ్యం నుంచి గౌరవానికి మానవుడి ప్రయాణం గురించి మొదలుపెట్టారు. బెంగళూరు సదస్సు మొదటి రోజు అయ్యేసరికి పదిన్నర అయింది. రెండో రోజు భోజన విరామానికి పదకొండుంపావు. సన్యాసినాయుడు నాలుగు టీలు చెప్పాడు, నాలుగింటికీ తనే డబ్బిచ్చాడు. ఆయన ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ, తర్వాతేటండి అని అడిగాడు. మూడో రోజు ముగింపు సభలో ఉండగా నర్సు వచ్చి, ఆపరేషను అయిపోయిందనీ, పేషెంటు క్షేమమనీ చెప్పింది. సన్యాసినాయుడు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఎవరికి అన్నది అతనికే తెలియదు. తన ప్రసంగానికే అనుకుని శశిభూషణ్ గారు కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం స్పృహ వచ్చాక పైడమ్మ చేతిలో ఉత్తర్వు పెట్టారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆఫీసరైతే మిసను ముట్టకూడదు గదా?"

ముట్టకూడదన్నాడు సన్యాసినాయుడు.

"రోజుకూలీ ఉండదు గదా?"

ఉండదన్నాడు.

"అయితే ఇంటికాడే కూకుని ఆఫీసరుజ్జోగం సేసుకుంటాను" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

పదిరోజుల తర్వాత అదే రైతు సంఘం ఇంకో అయిదు వందల పంపులు అడిగింది. కంపెనీలో మళ్లీ కార్మికుడు లేడు. ఒక కార్మికుడు కావలెను, స్త్రీలు కూడా అర్హులే అని గేటుకు కాగితం అంటించారు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి గేటు తీసిన ఉపాధ్యక్షుడు (ప్రవేశం) నోరు వెళ్లబెట్టాడు. వరుసలో నలభై మంది ఆడవాళ్లు. అందరూ ఆఫీసర్ల భార్యలే. ఒకావిడ చేతిలో భర్త గుండె ఫైలు, ఒకావిడ చేతిలో మోకాళ్ల ఎక్స్‌రే. వరుసలో ఆ గేటు తీసినాయన భార్య కూడా ఉంది, కంటి శుక్లాల కాగితాలతో.

ఎంపిక సంఘంలో సన్యాసినాయుడూ, శశిభూషణ్ గారూ పక్కపక్కన కూర్చున్నారు. ఆపరేషను తేదీ ఎవరిది దగ్గరుంటే వాళ్లనే ముందు తీసుకుందామనీ, ఆవిడకు హోదా వృద్ధి అయ్యాక తర్వాతి వాళ్లను తీసుకుందామనీ సన్యాసినాయుడు ప్రతిపాదిస్తే, శశిభూషణ్ గారు ఎందుకో వెంటనే సరేనన్నారు.

అందరికంటే దగ్గర తేదీ గురువారం. ఆ కాగితాలు తెచ్చిన ఆవిడ పట్టుచీరె కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. భర్త పేరు అడిగితే, విన్నకోట శశిభూషణ్ గారండీ, ఆయనకు హెర్నియా అండీ అని నెమ్మదిగా చెప్పింది. మేనేజింగ్ డైరెక్టర్ గారు పోయిన నెలే ఆయన జీతంలో మూడింట రెండు వంతులు గౌరవ రూపానికి మార్చారట. శశిభూషణ్ గారు ఆ సమయంలో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

సన్యాసినాయుడు ఆయన వైపు ఒకసారి చూశాడు. మరుగుదొడ్డి వెనక నిలబడిన రోజు గుర్తొచ్చింది, వైద్య నిధి షరతు చదివిన రోజు గుర్తొచ్చింది. కోపం రావలసినంత వచ్చింది కూడా. అయినా రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఆవిడ పేరు రాసి, ఎదురుగా కార్మికురాలు అని పెద్ద అక్షరాలతో రాశాడు. తర్వాత తల ఎత్తకుండానే గొంతు తగ్గించి చెప్పాడు.

"గురువారం దాకా పని మరీ బాగా సెయ్యకండమ్మా. ప్రమోషన్ ఇచ్చీగల్రు."